ఒకేసారి ఎన్ని స్విచ్‌లు

మార్చి తొమ్మిదో తారీకు, సోమవారం. ఆ ఉదయం ముగ్గురూ తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు, ఇంకా పూర్తిగా పండని అరటిపళ్ళు. మాస్టారికి తారీకుతో సహా ఇప్పటికీ గుర్తుంది. చెల్లెమ్మ కూర్చోకుండానే తినేసింది. గుడ్డు పెంకులు కాగితంలో చుట్టి పారేసి, చేతులు కడుక్కుని, బండి తాళంచెవి వేలికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంక బయల్దేరదామా?" అంది.

ఎనిమిది రోజుల సెలవులో అది మొదటి ఉదయం. ఆమె ఆస్పత్రిలో దుప్పట్ల వ్యాను నడుపుతుంది. వార్డుల్లో విడిచినవి లాండ్రీకి, లాండ్రీలో ఉతికినవి వార్డులకి, రోజుకి నాలుగు ట్రిప్పులు. మళ్ళీ మంగళవారం పొద్దున్న ఆరింటికి డ్యూటీలో ఉండాలి. ఈలోగా కొండల్లో, రిజర్వాయరు ఒడ్డున, ఎవరి దుప్పటీ ఎత్తకుండా, మడతపెట్టకుండా, నీళ్ళకేసి చూస్తూ కూర్చోవాలని ఆమె కోరిక. ఆ కోరిక చెప్పుకున్నప్పుడు ఆమె ఎక్కువ మాటలు వాడలేదు. "ఊరికే కూర్చుంటాను" అంది, అంతే.

వాకిట్లో ఆగివున్నది పాత మోటారు హోమ్. ఇంటిబండి అనేవాళ్ళు దాన్ని. లోపల ఒక మంచం, మడిచే బల్ల, చిన్న ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, పైకప్పు మీద ఏసీ. బయట డొక్కలో ఒక రేకు తలుపు. అది తీస్తే ఖాళీ గూడు. అందులో ఒకప్పుడు జనరేటరు ఉండేది. అమ్మినవాడు దాన్ని పీకి ఉంచుకుని, బండి మాత్రం అమ్మాడు.

ఆ గూడు ముందు ఆమె భర్త గొంతుక్కూర్చుని, ఇనప టేపు లాగి చూస్తున్నాడు. మాస్టారికి బావమరిది, పోయిన భార్యకి తమ్ముడు. జీవితమంతా లిఫ్టుల కంపెనీలో తనిఖీదారుగా పనిచేసి, రెండు నెలల కిందట రిటైరయ్యాడు.

"బయల్దేరి అక్కడ చీకట్లో కూర్చుంటావా?" అన్నాడు తల తిప్పకుండానే.

"బ్యాటరీ ఉందిగా. రెండు లైట్లు, ఒక ఫ్యాను."

"మరి ఏసీ? ఎండ చూశావా ఎలా ఉందో? ఒక్కరోజు ఆగు. సాయంత్రానికల్లా జనరేటరు కొని బిగించేస్తాం. బావని పిలిచింది దేనికి, గుడ్లు తినడానికా? లెక్క వేస్తాడు. ఏం బావా?"

మాస్టారు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకునేవాడు. పాఠం చెప్పినవాడు కాకపోయినా అందరూ మాస్టారనే పిలిచేవారు. ఆయన జేబులో పెన్సిలు అప్పటికే చెక్కి ఉంది.

"గంట పనమ్మా" అన్నాడు ఆయన.

చెల్లెమ్మ తాళంచెవి వేలినుంచి తీసి, మేకుకి తగిలించింది.

గంట పని మధ్యాహ్నం దాకా సాగింది. మాస్టారు ప్రతి వస్తువు వెనకా అంటించిన చీటీ చదివాడు. ఫ్రిజ్ వెనక చెయ్యి తప్ప తల పట్టదు కనుక, గడ్డం గీసుకునే అద్దం లోపలికి పెట్టి, కుడిఎడమలు తారుమారుగా కనిపించే అంకెల్ని వెనక్కి తిప్పి చదివాడు. చెల్లెమ్మ టార్చి పట్టుకుంది. మైక్రోవేవ్ మీద ఎనిమిది వందల వాట్లని ఉంటే ఆయన నవ్వి, "ఇది అన్నానికిచ్చే వేడి. గోడలోంచి లాక్కునేది పదమూడు వందలు. చీటీలు కూడా మనుషుల్లాగే, ఇచ్చేది చెబుతాయి, తీసుకునేది చెప్పవు" అన్నాడు. చాలా రోజుల తరవాత ఆయన గొంతులో ఉత్సాహం వినబడింది. చెల్లెమ్మ టార్చి దించకుండా నవ్వింది.

కాగితం మీద ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఏసీ పన్నెండు వందలు. అది కాక, ఏసీ మోటారు లేచేటప్పుడు క్షణంపాటు మూడింతలు లాగుతుంది. మైక్రోవేవ్ పదమూడు వందలు. నీళ్ళు కాచే కెటిల్ పదిహేను వందలు. ఫ్రిజ్, పంపు, లైట్లు, టీవీ.

"ఇస్త్రీపెట్టె వెయ్యి" అన్నాడు బావమరిది.

"అక్కడ ఇస్త్రీ ఎవరికండీ?" అంది చెల్లెమ్మ.

"చొక్కాలు నలగవా?"

"నలిగితే చేపలు ఏమనుకుంటాయో."

మాస్టారు ఇస్త్రీపెట్టె కూడా రాశాడు. రాయకపోతే లెక్కలో లోటు ఉంటుంది. కూడితే ఏసీ లేచేటప్పటి ఒళ్ళు విరుపుతో కలిపి ఏడున్నర వేలు దాటింది. బావమరిది ఆ అంకె కింద రెండు గీతలు గీసి, సంతృప్తిగా చూశాడు.

"పదిమంది ఎక్కే లిఫ్టుకి పదిమంది బరువుకి సరిపోయే తాడు వేస్తామా? ఎన్నో రెట్లు వేస్తాం. అందుకే మీరంతా బతికున్నారు."

"తాడు తెగితే పడతాం. కరెంటు పోతే ఏం పడుతుంది, చీకటేగా" అంది చెల్లెమ్మ.

బావమరిది గూడు కొలతలు అరచేతిమీద రాసుకుంటున్నాడు. మొదటి షాపుకి వెళ్ళేసరికి ఆ అంకెలు చెమటకి చెరిగిపోయాయి. మళ్ళీ ఇంటికి వచ్చి, కొలుచుకుని వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. సోమవారం అలా పోయింది.

మంగళవారం రెండో షాపు. ఊరికి అవతల, పెద్ద గోడౌను. చెల్లెమ్మే నడిపింది. ఆమె నడిపితే ఇంటిబండి గుంతల్లో కూడా కప్పులు చప్పుడు కానివ్వదు. షాపులో కౌంటరు మనిషి ముగ్గురికీ నమస్కారం పెట్టి, ఇద్దరికే కుర్చీలు వేశాడు. ఆమె ఏదో అడగబోతే, "మీరు కంగారు పడకండమ్మా, సార్లు చూసుకుంటారు" అన్నాడు. ఆమె బయటికి వెళ్ళి, బండి మెట్టు మీద కూర్చుంది.

బావమరిది కౌంటరు ముందు తాళ్ళ సంగతి మొదలుపెట్టాడు. మాస్టారు కాసేపు విని, వెనక మరమ్మతులు చేసే చోటికి నడిచాడు. అక్కడ ముసలి మెకానిక్ ఒకడు బల్ల మీద విప్పి పెట్టిన జనరేటరుని కిరోసిను బ్రష్‌తో కడుగుతున్నాడు. గ్రీజు అంటిన చేత్తోనే కాగితం అందుకుని, పైనుంచి కిందకి చదివాడు.

"బండిలో ఉండేది ఎంతమంది?"

"ఇద్దరు."

"ఇద్దరికి ఏడున్నర కిలోవాట్లా? అందులో సినిమా హాలు నడుపుతారా మాస్టారూ?"

మాస్టారు నవ్వాడు. మెకానిక్ అరలోంచి సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. దానికి నాలుగు వైర్లు ఉన్నాయి.

"సాఫ్ట్ స్టార్టరు. ఏసీ ఒక్కసారి ఉలిక్కిపడి లేవకుండా, పసిబిడ్డని లేపినట్టు మెల్లగా లేపుతుంది. బిగించడానికి అరగంట. ఇది పెట్టుకుంటే ఆ రెండు కిలోవాట్ల బుల్లిది చాలు. అదిగో ఆ ఎర్రది, చేతిసంచీలా పట్టుకుపోవచ్చు. ఏసీ ఆడుతున్నంతసేపు కెటిలూ మైక్రోవేవూ వెయ్యకూడదు. ఒకటి ఆపి ఇంకొకటి. అంతే."

"కొండమీద గాలి పలచగా ఉంటుంది. శక్తి తగ్గదూ?"

"తగ్గుతుంది. మీరు ఎక్కేది అంత ఎత్తేం కాదు. తగ్గినా పదహారు, పదిహేడు వందలు ఇస్తుంది. ఈ డబ్బాతో ఏసీ పదమూడు వందలు దాటదు. పెద్దది కొన్నారనుకోండి, దానికి పని చాలదు. పని చాలని ఇంజనుకి మసి పడుతుంది. ఏడాది తిరక్కుండా నా దగ్గరికే వస్తుంది, ఇదిగో ఇలా." తను కడుగుతున్న దాన్ని బ్రష్‌తో తట్టి చూపించాడు.

మాస్టారు కాగితం వెనక లెక్క చేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మెకానిక్ చెప్పినదాంట్లో ఒక్క వాటు తేడా లేదు. మంచి లెక్క తేలినప్పుడు కలిగే చల్లదనం ఆయన ఛాతీలో కలిగింది. చెబుదామని ముందుకి వచ్చాడు.

"రా బావా, సమయానికి వచ్చావు. ఈయన మూడు కిలోవాట్లు చాలంటాడు. లెక్కెలా వస్తుందో నువ్వే చెప్పు" అంటూ బావమరిది లేచి కుర్చీ జరిపాడు. కౌంటరు మనిషి, "కూర్చోండి మాస్టారూ" అని టీ తెప్పించాడు. కొనడానికి వచ్చిన ఇంకో ఇద్దరు కూడా దగ్గరికి జరిగారు. మాస్టారు పెన్సిలు తీసి, మోటారు లేవడానికి, తిరగడానికి తేడా ఏమిటో బొమ్మ గీసి చెప్పాడు. నలుగురూ కాగితం మీదకి వంగారు. ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. టీ బావుంది. డబ్బా సంగతి ఇంటికెళ్ళాక చెబుదాం అనుకున్నాడు.

తిరిగి వస్తూ ఆయన్ని గేటు దగ్గర దించినప్పుడు బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టి, "రేపు తొమ్మిదింటికి హారన్ కొడతాను. రెడీగా ఉండు" అన్నాడు. స్టీరింగు వెనక చెల్లెమ్మ రోడ్డుకేసి చూస్తోంది.

మాస్టారు లోపలికి వెళ్ళి, లైటు వేసి, మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించాడు. మర్నాడు తొమ్మిదింటికి తన గేటు ముందు ఎవరో హారన్ కొడతారు. ఫోన్ చేతిలోకి తీసుకుని, బావమరిది నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ బల్లమీద పెట్టేశాడు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు.

బుధవారం మూడో షాపు. అక్కడ ఎనిమిది కిలోవాట్లది దొరికింది. ఇనప చట్రంలో కూర్చున్న దున్నపోతులా ఉంది. నలుగురు పట్టి ఎత్తాలి. స్టార్టు చేసి చూపిస్తే కిటికీ అద్దాలు గలగలలాడాయి. బావమరిది చెవులు మూసుకుని, కళ్ళతో మెచ్చుకున్నాడు. చెల్లెమ్మ ఆ రోజు షాపులోకి వచ్చింది. గట్టిగా ఏదో అడిగింది. ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆపిన తరవాత మళ్ళీ అడిగింది.

"రిజర్వాయరు దగ్గర ఇది పెడితే పక్క బండ్లవాళ్ళు ఊరుకుంటారా?"

"వాళ్ళకీ అదే ఉంటుంది" అన్నాడు భర్త.

"అప్పుడు అక్కడికెందుకు, లాండ్రీలోనే కూర్చోవచ్చుగా" అంది ఆమె. కానీ అప్పటికే ఆయన వెనక్కి తిరిగి బరువు సంగతి అడుగుతున్నాడు.

వచ్చేటప్పుడు దారిలో ఆమె సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు మీద వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, మళ్ళీ చాపింది. మాస్టారు పక్క సీట్లోంచి చూశాడు. ఏం లెక్కపెడుతోందో తెలుస్తూనే ఉంది.

గురువారం ఆ దున్నపోతు గూట్లో పట్టదని తేలింది. టేపు ఎన్నిసార్లు లాగినా ఒక జానెడు తక్కువే వచ్చింది. బావమరిది వెల్డరుని తీసుకొచ్చాడు. వెల్డరు బండిలోకి ఎక్కి, మంచం పరుపు ఎత్తి, అడుగున రేకు మీద వేలితో కొట్టి చూశాడు.

"గూటికి, మంచానికి మధ్య ఈ గోడే అడ్డం సార్. గోడ లోపలికి జరిపితే సరిపోతుంది. మంచం పొట్టి చెయ్యాలి. ఇక్కడిదాకా."

జేబులోంచి సుద్దముక్క తీసి, పరుపు మీద అడ్డంగా గీత గీశాడు. టేపు ఒక కొస బావమరిది చేతిలో ఉంది, రెండోది మాస్టారి చేతిలో.

చెల్లెమ్మ మెట్లెక్కి వచ్చి గీతని చూసింది. చెప్పులు విడిచి మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఆమె పాదాలు గీత దాటి అవతల ఉన్నాయి. మడమ మీదకి సుద్ద అంటింది.

"ఈ గీతకి ఇవతల నేను, అవతల జనరేటరా?"

"జానెడేగా. మోకాళ్ళు కాస్త ముడుచుకుంటే సరి."

"మీరు ముడుచుకోండి."

"నేను పొడుగు. నాకెలా కుదురుతుంది?"

వెల్డరు గొంతు సవరించుకుని, కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

"ఎనిమిది రోజుల ముచ్చటేగా, సర్దుకోలేవూ?" అన్నాడు భర్త.

"ఎనిమిది కాదు. ఇవాళ్టికి నాలుగు అయిపోయాయి" అంది ఆమె పైకప్పు చూస్తూ. తరవాత తల తిప్పి, "అన్నయ్యగారూ, మీరు చెప్పండి. ఇంత పెద్దది కావాలా?" అని అడిగింది.

మాస్టారు టేపు కొస ఇంకా పట్టుకునే ఉన్నాడు. చెప్పాల్సినది నాలుక చివరన ఉంది. ఇప్పుడు చెబితే, మంగళవారమే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. దానికి జవాబు ఆయన దగ్గర ఉంది. అది బయటికి తీసి చూపించదగ్గది కాదు.

"లెక్క ప్రకారం... అన్నీ ఒకేసారి వేస్తే కావాలమ్మా" అన్నాడు.

మాట అబద్ధం కాదు. చెల్లెమ్మ లేచి కూర్చుని, మడమకి అంటిన సుద్ద అరచేత్తో తుడుచుకుంది. చెప్పులు వేసుకుని దిగిపోయింది. వెల్డరు శుక్రవారం సాయంత్రం ఆరింటికి కటింగు మెషీను తెస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి నడిచే వెళ్ళాడు. దింపుతానని ఎవరూ అనలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి హారన్ వినపడలేదు. పదింటికి ఆయనే నడుచుకుంటూ వెళ్ళాడు. బావమరిది వరండాలో కేటలాగులు పరిచి కూర్చున్నాడు.

"పొద్దున్న బయటికి వెళ్ళింది. ఎక్కడికంటే చెప్పలేదు. అలిగింది బావా. అడ్వాన్సు ఇవ్వడానికి మూడో షాపుకి వెళ్దామంటే, వెల్డింగు అయ్యాక కొందాం అంది. అదీ నిజమే అనుకో." కేటలాగు ఒకటి బావకిచ్చాడు. "నువ్వు ఇది చదువు."

మాస్టారు చదివినట్టు పట్టుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి చెల్లెమ్మ సందు మలుపులో కనిపించింది. కుడిచేతిలో ఎర్ర జనరేటరు. ఇరవై కిలోల పైమాటే. వార్డుల్లో దుప్పట్ల మూటలు మోసిన చెయ్యి అది. ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది కానీ ఎక్కడా దించలేదు. వాకిట్లోకి వచ్చి, బండి పక్కన నేలమీద పెట్టి, వేళ్ళు ఊదుకుంది.

"ఎవరిది?" అన్నాడు భర్త.

"జెరాక్సు షాపు ఆవిడది. సున్నాలు వేయిస్తోంది, మంగళవారం దాకా షాపు మూసేసింది. కరెంటు పోతే రెండు మెషీన్లు దీని మీదే నడుపుతుందట."

"జెరాక్సుకీ బండికీ సంబంధం ఏమిటే? ఇది రెండు కిలోవాట్లు. బొమ్మ."

ఆమె జనరేటరు తాడు లాగింది. మూడో లాగుడికి అంటుకుంది. చప్పుడు కుట్టుమిషను చప్పుడంత. వైరు బండికి తగిలించి, లోపలికెక్కి, బ్యాటరీ ఆపి, ఫ్రిజ్ వేసింది. లైట్లు వేసింది. ఫ్యాను వేసింది. కెటిల్లో నీళ్ళు పోసి స్విచ్ నొక్కింది. జనరేటరు గొంతు కొంచెం పెరిగి, స్థిరపడింది. నీళ్ళు మరిగాయి. కెటిల్ ఆపి, మైక్రోవేవ్‌లో బంగాళాదుంపలు పెట్టింది. అవీ ఉడికాయి. పళ్ళెంలో వేసి, ఉప్పు చల్లి, ఇద్దరి ముందూ పెట్టింది. ఎవరూ వెంటనే తీసుకోలేదు.

"నాలుగు రోజులుగా అన్నీ ఒకేసారి, అన్నీ ఒకేసారి అంటున్నారు" అంది మెట్టుమీద నిలబడి. "ఆ ఒకేసారి వేసేదెవరు? కెటిల్ పెట్టేది నేను. వంట నేను. మీ చొక్కా ఇస్త్రీ నేను. నాకున్నవి రెండు చేతులు. ఒకేసారి ఎన్ని స్విచ్‌లు వేస్తాను?"

మాస్టారు బంగాళాదుంప ముక్క చేతిలోకి తీసుకున్నాడు. ఆ కాగితం మీద ఏ వస్తువుకి ఎంతో ఆయన రాశాడు, అద్దం పెట్టి మరీ చదివి రాశాడు. ఆ వస్తువుని వేసే మనిషెవరో రాయాలని ఆయనకి తట్టలేదు.

బావమరిది తేరుకున్నాడు. "అది సరే. ఏసీ వెయ్యి, చూద్దాం."

ఆమె ఏసీ వేసింది. పైకప్పు మీద మోటారు ఒక్క మూలుగు మూలిగింది. కింద జనరేటరు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. లైట్లు ఆరాయి. ఫ్యాను రెక్కలు ఊరికే తిరుగుతూ తిరుగుతూ ఆగాయి.

"చూశావా" అన్నాడు భర్త. అరవలేదు. గెలిచినవాడి మెత్తదనంతో అన్నాడు. "ఇందుకే నేను మొత్తుకునేది. లిఫ్టు మధ్యలో ఆగితే నన్ను తిట్టేవాళ్ళు, మోసిన రోజులు ఎవరూ గుర్తుపెట్టుకోరు. కొండల్లో ఉడికిపోయి నన్నే అంటావు. వెల్డరు ఆరింటికి వస్తాడు."

చెల్లెమ్మ లైట్లు ఆరిన బండి లోపల ఏసీ స్విచ్ దగ్గరే నిలబడిపోయింది. వీపు మాత్రం కనబడుతోంది. భుజాలు కొద్దిగా దిగాయి. ఆ దిగడం మాస్టారు చూశాడు.

"ఏసీ కూడా నడుస్తుంది" అన్నాడు.

ఇద్దరూ ఆయనకేసి తిరిగారు.

"దీని మీదే నడుస్తుంది. సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటుంది. ఏసీ మోటారుని మెల్లగా లేపుతుంది. అరగంటలో బిగిస్తారు. కెటిలూ అదీ కలిపి వెయ్యకుండా ఉంటే ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. లెక్క చూశాను. రెండుసార్లు చూశాను."

"ఎప్పుడు చూశావు?" అన్నాడు బావమరిది.

"మంగళవారం. రెండో షాపులో మెకానిక్ చెప్పాడు."

"మంగళవారమా? మరి చెప్పవేం? మంచం కోయిస్తుంటే టేపు పట్టుకుని నిలబడ్డావుగా నువ్వు."

"పట్టుకున్నాను."

"పిచ్చా బావా నీకు?"

మాస్టారు చేతిలోని బంగాళాదుంప పళ్ళెంలో పెట్టేశాడు. "చెబితే మీరు మర్నాడే వెళ్ళిపోతారు. పొద్దున్నే నా గేటు దగ్గర హారన్ కొట్టేవాళ్ళు ఉండరు. నా లెక్క అడిగేవాళ్ళు ఉండరు. అందుకు చెప్పలేదు."

బావమరిది కేటలాగులు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సమానం చెయ్యసాగాడు. అవి ఎప్పుడో సమానమయ్యాయి, అయినా తడుతూనే ఉన్నాడు.

చెల్లెమ్మ మెట్లు దిగి వచ్చింది. మాస్టారి ముందు నిలబడింది. ఆమె తిడితే బావుండునని ఆయనకి అనిపించింది.

"మంగళవారం చెప్పివుంటే బుధవారం పొద్దున్న బయల్దేరేవాళ్ళం" అంది. "మూడు రోజులన్నయ్యగారూ."

"తెలుసమ్మా."

"తెలియక చేసినాయన్ని ఏమనాలో నాకు తెలుసు, ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నాను" అని భర్తకేసి చూసి, మళ్ళీ ఈయనకేసి తిరిగింది. "తెలిసి చేసినవాళ్ళని ఏమనాలో తెలియడం లేదు."

ఆయన తల దించుకున్నాడు. ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆరింటికి వెల్డరు వచ్చాడు. చెల్లెమ్మే గేటు దగ్గరికి వెళ్ళి, "పని లేదు బాబూ, వచ్చిన కష్టానికి టీ తాగి వెళ్ళు" అంది. అతను భుజం మీంచి మెషీను దించకుండానే టీ తాగి, ఊరట పడ్డట్టు వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రెండు గంటలు ఆమె బండి సర్దింది. డబ్బా కోసం ఆగలేదు. షాపు మూసి ఉంటుంది, రేపు తెరిచేదాకా కూర్చుంటే ఇంకో పూట పోతుంది, కిటికీలు తెరుచుకుంటే గాలి వస్తుంది అంది. పరుపు మీద సుద్దగీత తడిగుడ్డతో తుడిచి, దుప్పటి పరిచింది. నాలుగు మూలలూ ఒక్క విసురులో సరిగ్గా కూర్చున్నాయి. జనరేటరు గూట్లోకి ఎత్తి పెట్టి, కదలకుండా పట్టీ బిగించింది. ఆ పెద్ద గూట్లో అదొక మూలకి కూర్చుంది. మాస్టారు అడక్కుండానే నీళ్ళ పైపు తెచ్చి, బండి ట్యాంకు నింపాడు. ఆమె వద్దనలేదు. నిండగానే కుళాయి కట్టేసి, పైపు చుట్టి పక్కన పెట్టాడు.

"పొద్దున్నే అయిదింటికి తీసేస్తాను. ఈ రాత్రి బండిలోనే పడుకుంటా" అంది భర్తతో.

"ఒక్కదానివే వెళ్తావా?"

"రావద్దన్నానా?"

ఆయన వరండాలో ఒక నిమిషం అటూ ఇటూ నడిచాడు. ఇంట్లోకి వెళ్ళి తలగడ, తువ్వాలు, ఇస్త్రీ చేయని రెండు చొక్కాలు పట్టుకొచ్చాడు. మెట్టెక్కబోతూ ఆగి, "ఏసీ లేకపోతే ఉక్కపోస్తుంది, చెబుతున్నా" అన్నాడు.

"చెప్పారుగా. ఎక్కండి."

ఎక్కాడు. లోపల మంచం కిర్రుమంది.

ఎనిమిది కావస్తోంది. మాస్టారు చెప్పులు వేసుకున్నాడు. గేటు దాకా వెళ్ళాడు.

"అన్నయ్యగారూ" అని వెనకనుంచి వినపడింది. చెల్లెమ్మ బండి తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలి చిన్న లైటు వెలుగు ఆమె వెనకుంది, ముఖం సరిగా కనబడలేదు.

"సోమవారం రాత్రికి వచ్చేస్తాం. మంగళవారం నేను డ్యూటీకి పోతాను. ఆ జనరేటరు జెరాక్సు ఆవిడకి తిరిగి ఇచ్చెయ్యాలి. మోయలేను. తొమ్మిదింటికి వచ్చి ఒక చెయ్యి వేద్దురుగాని."

మధ్యాహ్నం సందు మలుపునుంచి వాకిలి దాకా ఒక్కసారి కూడా దించకుండా ఆమె నడిచి వచ్చింది మాస్టారి కళ్ళ ముందే. మంగళవారం తొమ్మిదింటికి ఆమె ఆస్పత్రిలో ఉంటుంది, అయినా రమ్మంటోంది.

"వస్తానమ్మా" అన్నాడు.

"ఆలస్యం చెయ్యకండి" అంది ఆమె. ఆ మాటలో కోపం ఇంకా ఉంది. తల లోపలికి తీసుకుని, తలుపు దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ వేసుకుంది.